డిమెన్షియా సేవకు బడి నేర్పిన పాఠము

కార్ల్ రోజర్స్ 1951లో ప్రకటించిన గ్రంథమున విద్యార్థి కేంద్రక బోధనకు ఒక అధ్యాయము కేటాయించెను. పాఠమును రుద్దక, పిల్లవాని ఆసక్తి నుండి ఆరంభింపవలెనని దాని సారము. రోజర్స్ వాడిన ‘వ్యక్తి కేంద్రక’ భావమును ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ డిమెన్షియా సేవకు అన్వయించి, 1997లో ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ అను గ్రంథము వ్రాసెను. రోగిని పసిబిడ్డవలె చూచుట, అతడు అందుకొనలేని వేగముతో మాటలాడుట మెదడు జబ్బుకు తోడు మరొక దెబ్బయని ఆయన వాదము. గ్రంథమునకు బలమిదే.

కొల్లేటి ఒడ్డున ఒక వృద్ధ జాలరిని ఊహింతము. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ క్రింద గండికొట్టిన చేపలచెరువుకు కాపలా పోవలెనని అతడు రాత్రివేళ లేచును. “చెరువెక్కడిది?” అని కసరినచో కలవరము హెచ్చును. వల అల్లు దారము చేతికిచ్చి, ఆనాటి చేపల కబురడిగిన నెమ్మదింపవచ్చును. చేతిపనుల జ్ఞాపకము తరచు ఆలస్యముగా చెరుగును.

అయితే పోలికకు హద్దు కలదు. విద్యార్థి ఎదుగును, ఈ రోగి శక్తి తరుగును. కావున స్వేచ్ఛతోపాటు కాపుదలయు కావలెను.

సేవకులకు మన్నన లేనిదే రోగికి మన్నన దక్కదని కిట్‌వుడ్ చెప్పినది నిజమే. కాని ఆయన పరిశీలన ఎక్కువగా సంరక్షణ గృహములను గూర్చినది. ఏలూరు, తాడేపల్లిగూడెము ఇండ్లలో ఆ భారము మోయునది సాధారణముగా కోడలో, కూతురో. కిక్కిరిసిన తరగతిలో అలసిన ఉపాధ్యాయుని ఒక్కొక్క పిల్లవాని మాట వినుమనుట ఎట్టిదో, విశ్రాంతి నీయక ఆమెను ఓర్పు వహింపుమనుటయు అట్టిదే.