వారోత్సవం ముగిసిన తరువాత: శాఖా గ్రంథాలయంలో పెద్దల కార్యక్రమాలు

గత భాగంలో గ్రంథాలయ విస్తరణ సేవల గురించి చదివారు. ఉపన్యాసాలు, పుస్తక ప్రదర్శనలు, చర్చాగోష్ఠులు, వయోజన విద్యా తరగతులు: ఈ జాబితా మీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. ఈ భాగంలో ఆ జాబితాను కాసేపు పక్కన పెడదాం. శాఖా గ్రంథాలయాల్లో పెద్దల కోసం ఏం జరుగుతున్నది, జరిగినదాన్ని ఏ కొలతతో కొలవాలి అన్నవి మన ప్రశ్నలు. ఉదాహరణకు మదీనాగూడను మనసులో పెట్టుకొని చదవండి.

మదీనాగూడ ఎందుకు?

చందానగర్‌కు, మియాపూర్‌కు నడుమ ముంబయి రహదారిని ఆనుకొని ఉన్న ఈ ఊరు 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీతో పాటు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2017 నవంబరులో మియాపూర్‌కు మెట్రో వచ్చింది. హైటెక్ సిటీలో పనిచేసే ఉద్యోగులు, వారి పిల్లల్ని చూసుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, అపార్ట్‌మెంట్ల కాపలా కుటుంబాలు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, కట్టడం పనులకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు ఒకే కిలోమీటరు పరిధిలో ఉంటారు. వీరంతా ఒకరికొకరు తారసపడేది లిఫ్టులోనో, కూరగాయల బండి దగ్గరో. ఉగాది, బతుకమ్మ, యోగా తరగతి అన్నీ గేటు లోపలి క్లబ్‌హౌస్‌లో జరుగుతాయి. గేటు బయటివారికి అక్కడ చోటు లేదు. డబ్బు కట్టకుండా, ఏమీ కొనకుండా, ఎవరి ఆహ్వానమూ లేకుండా ఒక పెద్దమనిషి వెళ్లి కూర్చోగల పైకప్పు గుడి, మసీదు, చర్చి కాక ఇంకేముంది? చట్టం ప్రకారం అది పౌర గ్రంథాలయం. అందుకే అక్కడ ఏ కార్యక్రమం జరుగుతుంది, ఎవరి కోసం జరుగుతుంది అన్నది కేవలం శాఖాపరమైన విషయం కాదు.

సభగా పుట్టిన గ్రంథాలయం

తెలుగువారికి గ్రంథాలయమంటే మొదట పుస్తకాల గది కాదు, సభ. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగా నిలిచారు. నిజాం రాజ్యంలో తెలుగువారు తమ భాషలో ఒకచోట కూడి మాట్లాడుకోవడానికి దొరికిన తొలి చోట్లలో అది ఒకటి. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 నీడలో పనిచేసిన తెలంగాణ గ్రంథాలయాలకు ఒక వార్షికోత్సవం జరుపుకోవడమే సాహసం. అధికారులకు భయం అలమారాలోని పుస్తకం వల్ల కలగలేదు, దాని చుట్టూ చేరే మనుషుల వల్ల కలిగింది.

కోస్తాలో సంగతి కొంచెం వేరు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికి జీవితమంతా ధారపోశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యను గ్రంథాలయంతో ముడిపెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు కాలువ మీద పడవలో పుస్తకాలు తీసుకొని ఊరూరా తిరిగారు. చదవడం రానివారికి పత్రిక చదివి వినిపించడం, రాత్రి బడి, హరికథ, భజన ఇవన్నీ గ్రంథాలయ కార్యక్రమాలే. "చదువురానివాడికి గ్రంథాలయంతో ఏం పని?" అన్న ప్రశ్నకు వాళ్లు చేతలతో చెప్పిన జవాబు ఇది.

అయితే ఆ కాలాన్ని మరీ ఆకాశానికెత్తనవసరం లేదు. నాయకత్వం చాలావరకు చదువుకున్న పై కులాల పురుషులదే. ఎవరి అరుగు మీద గ్రంథాలయం పెట్టారో, ఆ అరుగెక్కే హక్కు ఎవరికి ఉందో అన్న ప్రశ్న చరిత్ర పాఠాల్లో తరచుగా తప్పిపోతుంది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా దళితుల్లో చైతన్యం తేవడాన్ని గ్రంథాలయ చరిత్ర పక్కన పెట్టి చదివితే, పెద్దలకు విద్య అనే పని ఒకే గుమ్మం నుంచి సాగలేదని తెలుస్తుంది.

వారోత్సవాల తీరు

ఇక నేటికి వద్దాం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నవంబరు 14 అనగానే నెహ్రూ జయంతి గుర్తుకొస్తుంది గాని, 1919లో అదే తేదీన మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది, దాని వెనుక ఉన్నది మన అయ్యంకివారే. ఈ ఏడు రోజులే మన శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి ఏడాది మొత్తానికి కనిపించే కార్యక్రమాలు.

ఆ ఏడు రోజుల్లో ఏం ఉంటుంది? వక్తృత్వ పోటీ, వ్యాసరచన, పాటలు, ముగ్గులు, క్విజ్, చివరి రోజు బహుమతి ప్రదానం. పాల్గొనేది దగ్గరి పాఠశాలల పిల్లలు. ఉపాధ్యాయులు వరుసలో తీసుకొస్తారు, వరుసలో తీసుకుపోతారు. పెద్దలు వస్తే వేదిక మీదికే వస్తారు: శాలువా, జ్యోతి ప్రజ్వలన, "పుస్తకం హస్తభూషణం" అనే మాట. పిల్లల కార్యక్రమాలు వద్దని ఎవరూ అనరు. కాని పిల్లల్ని నింపి కుర్చీల లెక్క సరిచేయడం వల్ల, పెద్దలు ఎందుకు రాలేదన్న ప్రశ్న ఎప్పటికీ వినబడకుండా పోతున్నది. ముగ్గుల పోటీకి వచ్చిన గృహిణి చేతిలో ఆ రోజే ఒక సభ్యత్వ దరఖాస్తు పెట్టి, ముగ్గుల మీదో వంటల మీదో నవలల మీదో ఒక పుస్తకం చూపిన గ్రంథాలయాలు ఎన్ని? అలా చూపకపోతే ఆ ముగ్గు ఏ ఆవరణలో వేసినా ఒకటే.

లోపం గ్రంథపాలకుడిదేనని తేల్చడం సులభం, కాని సరైంది కాదు. ఒకరిద్దరు సిబ్బందితో తలుపు తెరవడం, పత్రికలు సర్దడం, లెక్కలు రాయడమే గగనమవుతున్న చోట్లు చాలా ఉన్నాయి. నిధుల సంగతి మీకు తెలిసిందే. 1960 పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. మదీనాగూడలో ఫ్లాటు ఉన్న ప్రతి కుటుంబమూ దీన్ని కడుతున్నది, వారిలో చాలామందికి కడుతున్నట్టు తెలియదు. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చెల్లించవన్నది పాత ఫిర్యాదు. నా దృష్టిలో అంతకన్నా లోతైన కారణం ఇంకొకటుంది. ఒకప్పుడు చందా కట్టిన సభ్యులే గ్రంథాలయాన్ని నడిపారు, కార్యక్రమం విఫలమైతే వారే సిగ్గుపడ్డారు. ప్రభుత్వపరమయ్యాక పుస్తకాలకు, జీతాలకు ఒక ఆధారం దొరికింది. సభ్యుడు మాత్రం పాఠకుడిగా మిగిలాడు.

ఇది అనివార్యమేమీ కాదు. కేరళలో 1945లో పి.ఎన్. పణిక్కర్ చొరవతో మొదలైన గ్రంథశాల సంఘం తరువాత ప్రభుత్వ చట్టం కిందికి వచ్చింది. అయినా అక్కడి గ్రామ గ్రంథశాలలను సభ్యులు ఎన్నుకున్న కమిటీలే నడుపుతాయి. స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు వేరువేరు వేదికలుంటాయి. ఏడాది పొడవునా చేసిన పనిని చూసి గ్రేడు, ఆ గ్రేడును బట్టి గ్రాంటు ఇస్తారు. గ్రేడు కోసం కాగితాలు నింపే జబ్బు అక్కడా ఉంటుంది, కాదనలేం. కాని జబ్బు కూడా ఏదో ఒకటి చేయబోయి తెచ్చుకున్నదే.

పిలవకుండా వచ్చినవారు

మన గ్రంథాలయాలకు పెద్దలు రావడం లేదన్న మాటను ఇక్కడ సవరించుకోవాలి. వస్తున్నారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి చిన్న శాఖల దాకా కుర్చీలన్నీ పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. వీరిలో చాలామంది సొంత పుస్తకాలు, అన్నం డబ్బా తెచ్చుకొని పొద్దున్నుంచి రాత్రి వరకు కూర్చుంటారు. గ్రంథాలయం వారికి ఇచ్చేది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. విస్తరణ సేవల గురించి రాసేవారు వీరిని ఒక సమస్యగా చూపుతుంటారు. నేను ఒప్పుకోను. అద్దె గదిలో నలుగురితో ఉండే యువకుడికి ఆ బల్ల కన్నా పెద్ద కార్యక్రమం ఏముంది? అతణ్ని లేపి ఆ హాలులో సభ పెడితే, ఒక పెద్ద కోసం ఇంకో పెద్దను వెళ్లగొట్టినట్టే.

కాబట్టి వేళ గురించి ఆలోచించాలి. శాఖా గ్రంథాలయాలకు సాధారణంగా శుక్రవారం సెలవు, ఆదివారం పని. ఈ ఏర్పాటు ఐ.టి. కారిడార్‌లో అనుకోకుండా కలిసొచ్చిన వరం. ఆదివారం ఉదయం వరండాలోనో, మేడ మీదో, చెట్టు కిందో గంటన్నర పెడితే చదువుకునేవారికి ఇబ్బంది ఉండదు, ఉద్యోగికి కుదురుతుంది. ఇళ్లలో పనిచేసే స్త్రీకి మాత్రం ఆదివారం పొద్దున పని ఎక్కువ. ఆమెకు మధ్యాహ్నం రెండు గంటలకు కుదురుతుంది, ఆ వేళకు చాలా శాఖలు మూసి ఉంటాయి. వేళలు ఎవరిని దృష్టిలో పెట్టుకొని వేశారో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

ఏం పెట్టాలి? హెల్సింకిలో 2018లో తెరిచిన ఊడి గ్రంథాలయంలో కుట్టు మిషన్లు, వంటగది, రికార్డింగ్ గదులు ఉన్నాయని విని నిట్టూర్చనక్కరలేదు. మదీనాగూడకు పనికొచ్చేవి ఖర్చు లేనివే. పింఛను, ఆధార్, భూమి కాగితాలను అర్థమయ్యేలా చదివి వినిపించే గంట. తాతమ్మలు తమ ఊరి పాటలు, వంటలు చెబితే రాసుకునే గంట. ఒడియా, హిందీ మాట్లాడే కూలీలకు బస్సు బోర్డు చదివేంత తెలుగు, వారి దగ్గర మనం నేర్చుకునేంత ఒడియా. నెలకొక తెలుగు కథ తీసుకొని పోట్లాడుకునే బృందం. (సాహిత్య చర్చ కోసం ఇక్కడివారు బంజారాహిల్స్‌లోని లామకాన్ దాకా ట్రాఫిక్‌లో వెళ్లివస్తుంటారు. కోరిక లేదనలేం.)

కొలత సంగతి

నివేదికలో "హాజరైనవారు" అనే గడి ఒకటే ఉంటే, దాన్ని నింపే కార్యక్రమాలే జరుగుతాయి. వందమంది విద్యార్థులు కూర్చున్న ఉపన్యాసం కన్నా, తొమ్మిదిమంది వచ్చి వారిలో ఆరుగురు వచ్చే నెల మళ్లీ వచ్చిన చర్చ మేలైనది. ఈ సంగతి ఇప్పటి గడిలో పట్టదు. ఎవరు మాట్లాడారు, ఎవరు విన్నారు? కార్యక్రమం తరువాత ఏ అలమారా కదిలింది? రాలేనివారు ఎవరు, ఎందుకు రాలేదు? ఈ మూడింటికి జవాబు రాయగల గ్రంథపాలకుడు ఫోటోలు లేకపోయినా మంచి నివేదిక రాసినట్టే.

అభ్యాసం

మీ ఇంటికి దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి ఒక ఆదివారం ఉదయం, ఒక పనిరోజు సాయంత్రం వెళ్లండి. నోటీసు బోర్డు మీద ఉన్న తాజా కార్యక్రమం ఏ తేదీది, ఎవరి కోసం పెట్టారు, తెరిచే వేళలు ఏమిటి అన్నవి రాసుకోండి. తరువాత మీ వీధిలో ఎన్నడూ ఆ గుమ్మం తొక్కని ఒక పెద్దవారిని, మీ అమ్మగారైనా సరే, ఏం పెడితే వస్తారో అడిగి, వారి మాటల్లోనే పది వాక్యాలు రాయండి.