క్రిస్మసు తేది ఎరవు సొమ్మా?

క్రిస్మసు రోమను సూర్యపూజకుల పండుగనుండి ఎరవు తెచ్చినదని పలువురు వ్రాయుచుందురు. పొరుగువారి పర్వమును దొంగసొత్తనుటకు ముందు సాక్ష్యము చూడవలదా? ఆరీలియను చక్రవర్తి క్రీ.శ. 274లో సూర్యాలయము ప్రతిష్ఠించెను, నిజమే. కాని సూర్యుని జన్మదినమును, క్రీస్తు జన్మదినమును డిసెంబరు 25న చూపు వివాదములేని తొలి ఆధారము ఒక్కటే: 354 నాటి రోమను సంపుటము. ఏది ముందో దానివలన తేలదు.

హరూరులో తెలుగువారి ఉగాది చాంద్రమానమున, తమిళుల సంవత్సరాది సౌరమానమున వచ్చును. ఒకరిది మరొకరు అపహరించిరని ఎవరందురు? పండుగ గణితమునుండియు పుట్టును. యేసు గర్భస్థుడైనదియు, మరణించినదియు మార్చి 25ననే యని అగస్టీను వ్రాసెను. దానికి తొమ్మిది నెలలు కూడినచో డిసెంబరు 25. అగస్టీను పుట్టినదే 354లో గనుక ఇదియు తుదిసాక్ష్యము కాదు. అయినను నాకిదియే సబబుగా తోచుచున్నది.

చిహ్నముల మాట వేరు. అచ్చట ఎరవునకు దాపరికమే లేదు. ముద్ర వేయు ఉంగరములపై పావురము, చేప, ఓడ, వీణ, లంగరు చెక్కించుకొనుడని అలెగ్జాండ్రియా క్లెమెంటు క్రైస్తవులకు చెప్పెను. వీణ పోలిక్రటీసుదనియు, లంగరు సెల్యూకసుదనియు తానే పేర్కొనెను. విగ్రహముల ముఖములు, కత్తి, విల్లు మాత్రము వలదనెను. మితముగా త్రాగువారికి పానపాత్రయు తగదనెను.