కొండ ముందు కూర్చుంటేనే చెయ్యి తిరుగుతుంది

ధర్మపురి నుంచి రాయకోట వైపు వెళ్లినప్పుడల్లా ఆ కొండకోటను చూడగానే నాకు ఇద్దరు చిత్రకారులు గుర్తొస్తారు: థామస్ డేనియల్, ఆయన సోదరుని కొడుకు విలియం. మూడో మైసూరు యుద్ధం ముగిసి ఈ బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయిన 1792లోనే వాళ్లు ఈ దారిన వచ్చారు. రాయకోటనూ, వీరభద్రదుర్గాన్నీ గీశారు. ఆ బొమ్మలు లండన్‌లో 1795-1808 మధ్య వెలువడిన 'ఓరియంటల్ సీనరీ' 144 ముద్రాచిత్రాల్లో చేరాయి.

వాళ్లు పని నేర్చిన తీరంటే నాకు గౌరవం. థామస్ మొదట గుర్రపు బండ్లకు రంగులు వేసే పనిలో కుదిరాడు. రాయల్ అకాడమీ బడిలో చేరింది ఆ తర్వాత, 1773లో. విలియం పదహారేళ్లైనా దాటకుండా 1785లో ఆయన వెంట ఓడెక్కాడు. రాగిరేకుల మీద చిత్రాలు చెక్కడంలో ఇద్దరూ కలకత్తాలో చెయ్యి సాధించారు. కొండల రూపురేఖలకు కెమెరా అబ్‌స్క్యూరా వాడేవారు. ఆ పెట్టెలో కటకం గుండా దృశ్యం కాగితం మీద పడితే, అంచుల వెంట పెన్సిల్ నడిపేవారు. ఏ రాతికి ఎంత నీడ వేయాలో మాత్రం కన్నే తేల్చుకోవాలి.

అమెరికాలో ఆషర్ డ్యూరాండ్ కూడా రాగిరేకులు చెక్కే పనినుంచే ప్రకృతి చిత్రాలకు వచ్చాడు. 1855లో అచ్చయిన లేఖల్లో, ముందుగా ప్రకృతి దగ్గరే నేర్చుకోమని యువ చిత్రకారులకు చెప్పాడు. ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్సన్ పీల్ తన పిల్లలకు ఇంట్లోనే చిత్రకళ నేర్పాడు. కొడుకు రాఫెల్ బల్ల మీద పళ్లూ పాత్రలూ పెట్టుకుని గీసి, ఆ దేశంలో నిశ్చల చిత్రాలకు బాట వేశాడు.

మన రాజమండ్రిలో దామెర్ల రామారావుకు అలాంటి అండ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయనా నీటిరంగుల చిత్రకారుడే. ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లి చదివాడు, తిరిగొచ్చి తన ఊళ్లో పదిమందికి నేర్పాడు. 1925లో ఇరవై ఏడేళ్లకే పోయినా శిష్యులు ఆ పని నిలబెట్టారు.

వీళ్లందరికీ దొరికినవి మూడే: చేతిపని, పక్కన ఒక పెద్ద, ఎదురుగా గీయవలసిన వస్తువు. ఇవి ధర్మపురిలోనూ ఉన్నాయి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన బోర్డు ఆర్టిస్టుల్లో చెయ్యి తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను మన బడులు డ్రాయింగ్ పీరియడ్‌కు పిలవాలి, తగిన జీతమివ్వాలి. పిల్లలను ఒకరోజు కొండ ముందు, ఒకరోజు మామిడిపండు ముందు గంటసేపు కూర్చోబెట్టాలి. మొదట్లో గీతలు వంకర పోతాయి, పోనివ్వండి. ఆ పెద్దల విద్య వాళ్లతోనే ముగిసిపోకముందే, ఈ ఏడాదే మొదలుపెట్టాలి.