ఆరిన వెలుగు, ఆరని రేడియం

కేట్ మూర్ రచించిన ‘ది రేడియం గర్ల్స్’ (2016) అమెరికాలో గడియారాల ముఖఫలకాలకు రేడియం రంగు పూసిన యువతుల కథ. కుంచె మొన తేలడానికి దానిని వారు పెదవుల మధ్య పెట్టేవారు. కాల్షియంను పోలిన రేడియం ఎముకలలో చేరి దవడలను తినివేసింది. ఆ స్త్రీలను పేరుపేరునా మన ముందు నిలపడమే ఈ గ్రంథానికి బలం.

అయితే రచయిత్రి దృష్టి ప్రధానంగా వారి జీవితాల మీదనే. శాస్త్రవిషయాన్ని ఉపాధ్యాయుడు చేర్చుకోవలసి ఉంటుంది. అట్టి గడియారాలు పాత వస్తువుల అంగళ్లలో నేటికీ దొరుకుతున్నాయి. వెలుగు పోయింది కనుక భయం లేదనుకోవడం పొరపాటు. శిథిలమైనది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే; రేడియం సగం కావడానికి సుమారు 1600 ఏండ్లు పడుతుంది. అద్దం విప్పితే రంగు పొడి ఊపిరితో లోనికి పోగలదు. ఈ పాఠం కూడా చేర్చి చదివిస్తే, కథ కన్నీటితో ఆగక వివేకాన్నిస్తుంది.