బండిని కిందికి దించే విద్య

పాత కారు నుంచి అనవసరమైన బరువునంతా తొలగించి, ఇంజను శక్తిని పెంచి, వేగం కోసం తిరిగి కూర్చిన బండిని అమెరికాలో హాట్ రాడ్ అంటారు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు మురాక్ వంటి ఎండిన సరస్సుల చదును నేలపైకి పరుగు పందేలకు తీసుకువెళ్లిన ఈ బండ్లలో చాలా భాగం ఫోర్డు కార్లే. అందువల్ల ఈ విద్యలో సస్పెన్షన్ గురించిన ఆలోచన ఇప్పటికీ ఫోర్డు స్ప్రింగు దగ్గరే మొదలవుతుంది.

మన లారీ షెడ్లలో కమాన్ కట్టలుగా పిలిచే ఉక్కు పట్టీల దొంతరనే లీఫ్ స్ప్రింగు అంటారు. లారీలో అది బండి పొడవునా, ఒక్కొక్క పక్కన ఒక్కొక్కటిగా ఉంటుంది. మోడల్ టి మొదలుకొని 1948 మోడల్ వరకు ఫోర్డు కార్లలో మాత్రం ముందొకటి, వెనుకొకటి చొప్పున బండికి అడ్డంగా ఉండేది. దాని నడుము ఛాసిస్ అడ్డకమ్మీకి బిగిసి ఉండగా, రెండు కొసలూ షాకిల్ అనే ఊగే లింకుల ద్వారా యాక్సిల్‌కు తగులుకుంటాయి. అన్నిటికంటే పొడవైన ప్రధాన పట్టీ అడుగున, పొట్టివి వరుసగా పైన ఉంటాయి. బరువు మోయడంతో పాటు యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టి ఉంచే పని కూడా చాలావరకు ఈ స్ప్రింగుదే. ఈ రెండో పనిని లెక్కలోకి తీసుకోకుండా చేసే మార్పులు బండిని చూడముచ్చటగా దించినా, నడిపేవారి చేతిలో దానిని నిలకడ లేనిదిగా చేస్తాయి.

మడ్‌గార్డులు, బంపర్లు, టాపు తీసేసిన బండికి పాత స్ప్రింగు అవసరానికి మించి బిరుసుగా ఉంటుంది కనుక, కొన్ని పట్టీలను తగ్గించడం సహేతుకమే. అయితే పట్టీ బిరుసు దాని మందం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, అంటే సగం మందం ఉన్న పట్టీకి ఎనిమిదో వంతు బిరుసు మాత్రమే ఉంటుంది కాబట్టి, ఏ పట్టీని తీయాలో చేతికందిన వరుసలో కాక మందాలను కొలిచి నిర్ణయించాలి. మిగిలిన పట్టీల పొడవులు మెట్లుమెట్లుగా తగ్గుతూ ఉండాలి, లేకపోతే వంపు భారమంతా ఒకేచోట పడి అక్కడే పట్టీ విరుగుతుంది. 40 హార్స్‌పవర్ మోడల్ ఎ ఇంజను స్థానంలో బరువైన వి-8 కూర్చున్న బండిలో ముందు పట్టీలను తీయడానికి మరింత ఆలోచన కావాలి.

దొంతరను విప్పినప్పుడు ప్రతి పట్టీ పైముఖం మీద, దానిపైనున్న పొట్టి పట్టీ కొస ఏళ్ల తరబడి ఒరుసుకుని చేసిన గాడి స్పష్టంగా కనిపిస్తుంది. తుప్పు గీకి, కొసలను గుండ్రంగా అరగదీసి, పట్టీల నడుమ టెఫ్లాన్ వంటి జారుడు పదార్థపు పలచని పట్టీని పరిస్తే స్ప్రింగు చిన్న గతుకుకు కూడా స్పందిస్తుంది. అయితే పట్టీల రాపిడే అంతవరకు ఊపును కొంత అణచివేస్తూ ఉంటుంది గనుక, అది తగ్గిన మేరకు షాక్ అబ్జార్బర్ల మీద బాధ్యత పెరుగుతుంది.

ఎత్తు తగ్గించడానికి మేలైన మార్గాలు రెండు. ప్రధాన పట్టీ కొసల కన్ను మామూలుగా కిందికి చుట్టి ఉంటుంది. పైకి చుట్టిన కన్ను ఉన్న పట్టీని అమర్చితే బండి సుమారు ఒక అంగుళం దిగుతుంది. మధ్యభాగం దిగువగా, చక్రాలను పట్టుకునే చివరలు ఎగువగా ఉండేలా మలచిన డ్రాప్డ్ యాక్సిల్‌ను వాడితే స్ప్రింగు వంపును ముట్టుకోకుండానే ఇంకా ఎక్కువ దించవచ్చు. ఈ రెండో మార్గమే ఉత్తమమనడానికి సందేహించనక్కరలేదు, ఎందుకంటే స్ప్రింగు తన కదలికలో దేనినీ పోగొట్టుకోదు. స్ప్రింగును గ్యాస్ మంటతో కాల్చి వంపు పోగొట్టడం మాత్రం ఉక్కు పదును చెడగొట్టే పని. ఎంతటి తొందర ఉన్నా దానిని సమర్థించలేము.

వంపు తగ్గిన స్ప్రింగు కొసకూ కొసకూ మధ్య దూరం పెరిగి షాకిళ్ల వాలు మారుతుంది. బండి బరువంతా పడిన తర్వాత అవి దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా నిలిస్తే బండి పక్కలకు ఊగుతుంది. స్టీరింగు కడ్డీ కూడా అడ్డంగా ఉన్న బండిలో ఈ ఊపు చక్రాల దిశనే మార్చేస్తుంది కాబట్టి, యాక్సిల్‌ను ఛాసిస్‌తో పక్కవాటుగా కలిపే పాన్‌హార్డ్ రాడ్ అనే కడ్డీని అమర్చడం అవసరమవుతుంది.

దొంతరను కలిపి ఉంచే సెంటర్ బోల్టును విప్పే ముందు దానికి ఇరువైపులా సి-క్లాంపులు బిగించాలి. ఒత్తిడిలో ఉన్న పట్టీలు ఒక్కసారిగా ఎగిరితే ఎముకలు విరుగుతాయి. తిరిగి కూర్చేటప్పుడు, పాత బోల్టు ఎంత బాగున్నట్లు కనిపించినా, కొత్త బోల్టునే వాడాలి.