తప్పిపోయిన కూతురికి తలుపు తీసేదెవరు?

కతోలికులు 'విచారణ' అంటారు. ప్రొటెస్టెంట్లు 'సంఘం' అంటారు. ఇంగ్లీషులో పారిష్. ఆ మాటకు మూలం గ్రీకు 'పరొయికియా' - పక్కన పరాయివాళ్ళుగా నివసించడం. ఈ అర్థం తెలియగానే నాకు మన వాడలు గుర్తొచ్చాయి. ఊరి పక్కనే ఉంటాయి, ఊళ్ళో లెక్కకు రావు. తెలుగు నేలమీద చర్చి ఎక్కువగా వేళ్ళూనుకున్నది అక్కడే కదా!

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఎం.ఎం. వినోదిని కూతురి కథగా తిరగరాశారు. దళిత క్రైస్తవ అమ్మాయి సువార్తవాణి బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి తీరుకు మురిసిపోయి, తన ఇంటిని చిన్నచూపు చూస్తుంది. అక్కడ తనను ఏ కళ్ళతో చూస్తున్నారో తెలిశాక వెనక్కి వస్తుంది.

గడప దాటడమే విముక్తి అని రాసుకున్నవాళ్ళం మనం. ఈ కథ ఆ నమ్మకాన్ని నిలదీస్తుంది. బయట ప్రపంచమంతా వెలివేసినప్పుడు సొంత ఇల్లూ, వాడా, సంఘమే ఒక ఆడపిల్లకు నిలబడే చోటు కావచ్చు. ఆ చోటుకు మూల్యం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు నేటికీ ఎస్సీ హోదా లేదు. అందుకే ఎందరో సర్టిఫికెట్‌లో ఒక పేరుతో, చర్చిలో మరో పేరుతో బతుకుతున్నారు.

అయితే తిరిగి చేరే ఆ చోటు ఎవరిది? ఉపమానంలో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు. తల్లి ఊసే లేదు. మన సంఘాల్లోనూ అంతే. చర్చి ఊడ్చేదీ, చాపలు పరిచేదీ, పాట ఎత్తుకునేదీ ఆడవాళ్ళే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్‌గా నంద్యాలలో ఇ. పుష్పలలిత వచ్చేసరికి 2013 అయింది. కతోలిక సంఘంలో స్త్రీకి గురుపట్టం ఇప్పటికీ లేదు.

అదే అధ్యాయంలో, ఆ కుమారుడి కంటే ముందు, ఒక స్త్రీ ఉంది. పది నాణేల్లో ఒకటి పోతే దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి సంతోషిస్తుంది. తండ్రి కొడుకు వచ్చేదాకా ఆగాడు, ఈమె ఆగలేదు. తప్పిపోతే మనకోసం వెతికే మనుషులుండటమే ఒక విచారణకు చెందడమని నాకు అనిపిస్తుంది. ఊడ్చేది ఎలాగూ మనమే. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగడమే మిగిలింది.