‘నిబంధన’ పదం: తెలుగు బైబిలులో రాజ్యాధికారానికి హద్దు

ప్రవేశిక

సికింద్రాబాదు శివారున ఉన్న బొల్లారంలో బ్రిటిష్ రెసిడెంటు నివాసంగా ఉండిన భవనం నేడు రాష్ట్రపతి నిలయం. ఆ ప్రాంతంలోనే 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. విక్టోరియా రాణి ధనసహాయంతో దానిని కట్టించారని ప్రతీతి. రాజరికమూ గణతంత్రమూ ఇంత చేరువగా గుర్తులు వదిలిన ఆ ఊరికి సమీపంలో పాఠం చెబుతూ, డిగ్రీ విద్యార్థులను ‘పాత నిబంధన’ అంటే ఏమిటని ఒకసారి అడిగాను. ‘పాత రూల్సు’ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు. స్వపరిపాలనకు, శాసనబద్ధమైన స్వేచ్ఛకు బైబిలులో మూలాలున్నాయనే వాదం పాశ్చాత్య రాజనీతి చర్చలో చిరకాలంగా ఉంది. ఆ వాదాన్ని తెలుగు పాఠం ఎంతవరకు నిలబెడుతుంది? ప్రొటెస్టెంటు సంఘాలలో వాడుకలో ఉన్న బైబిల్ సొసైటీ పాఠం ఆధారంగా దీనిని పరిశీలిస్తున్నాను.

ఒకే మాట, రెండు ఒప్పందాలు

హీబ్రూలో ‘బెరీత్’ అంటే ఇరుపక్షాల మధ్య కట్టుబాటు. దీనికి గ్రీకు అనువాదకులు వాడిన ‘దియతేకె’ అనే మాటకు వీలునామా అనే అర్థం కూడా ఉంది. లాటిన్ ‘టెస్టామెంటుమ్’ ఆ రెండవ అర్థాన్నే స్థిరపరచింది. అందువల్ల ఆంగ్లంలో గ్రంథభాగాల పేరు ఒకటి, లోపలి ఒప్పందాల పేరు మరొకటి అయ్యాయి. 1611 నాటి ఆంగ్లపాఠంలో దావీదు పెద్దలతో చేసుకొన్న ఒప్పందానికి వాడింది ఇంకొక మాట, ‘లీగ్’. తెలుగులో ఈ చీలిక లేదు. గ్రంథభాగం పేరూ నిబంధనే, సీనాయి కొండ దగ్గర దేవుడు జనంతో చేసినదీ నిబంధనే, సమూయేలు రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో హెబ్రోనులో దావీదు ఇశ్రాయేలు పెద్దలతో చేసినదీ నిబంధనే. అక్కడి క్రమం గమనించదగినది. నిబంధన ముందు, పట్టాభిషేకం తరువాత. దైవంతో ప్రజలకున్న సంబంధమూ, రాజుతో ప్రజలకున్న సంబంధమూ ఒకే అచ్చులో పోసినవని ఆంగ్ల పాఠకుడు వ్యాఖ్యానం చూసి తెలుసుకోవాలి. తెలుగు పాఠకుడికి ఆ మాటే చెబుతుంది. ఈ విషయంలో తెలుగు అనువాదం మూలానికి ఎక్కువ విధేయమైనదని నా అభిప్రాయం.

అయితే పోయినది కూడా ఉంది. ‘నిబంధన’లో ఉన్నది బంధించడం, సమ్మతించడం కాదు. ‘ఒడంబడిక’ అని ఉంటే ఒడంబడడం, అంటే ఇష్టపడి ఒప్పుకోవడం, మాటలోనే వినిపించేది. నా విద్యార్థులకు ‘రూల్సు’ తోచడానికి కారణం ఈ లోపమే.

రాజు హక్కా, రాజు తీరా?

సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయంలో ప్రజలు తమకొక రాజు కావాలంటారు. రాజు వారి కొడుకులను రథాలకు, కూతుళ్లను వంటశాలకు, మంచి పొలాలను తన సేవకులకు తీసుకొంటాడని, పంటలో పదోవంతు లాక్కొంటాడని సమూయేలు హెచ్చరిస్తాడు. ఈ జాబితాకు మూలంలో ఉన్న శీర్షిక ‘మిష్పత్’. న్యాయం, హక్కు, ఆచారం అనే అర్థాలన్నీ ఆ మాటకు ఉన్నాయి. 1598లో, ఇంగ్లండు సింహాసనం ఎక్కకముందే, స్కాట్లండు రాజు జేమ్స్ ఈ అధ్యాయాన్ని రాజుకున్న అధికారానికి, ప్రజలకున్న విధేయతకు ప్రమాణంగా చూపాడు. 1776లో థామస్ పెయిన్ ఇదే అధ్యాయాన్ని రాజరికం మీద అభియోగపత్రంగా చదివాడు. తెలుగు పాఠంలో ఆ మాట రాజు ఎటువంటివాడై ఉంటాడో చెప్పే వర్ణనగా మారింది. హక్కు అనే ఛాయ మిగలలేదు. జేమ్స్ చేసిన వ్యాఖ్యానాన్ని ఈ తెలుగు వాక్యం మీద నిలబెట్టడం కష్టం. సామ్రాజ్యపాలన నీడన ఎదిగిన అనువాద సంప్రదాయం రాచరికానికి ఈ ఆసరా ఇవ్వకపోవడం ఆసక్తికరం. దీనిని అనువాదకుల రాజకీయంగా భావించనక్కరలేదు. ఆంగ్లపాఠం కూడా ‘తీరు’ అనే అర్థాన్నే తీసుకొంది.

రాజుల మొదటి గ్రంథంలోని నాబోతు కథలో తెలుగు మరింత పదునైనది. అహాబు రాజు అడిగిన ద్రాక్షతోటను నాబోతు నిరాకరించడానికి చెప్పిన కారణం అది పిత్రార్జితమని. భూమి తగాదాలు, పంపకాలు ఎరిగిన తెలుగు శ్రోతకు ఆ ఒక్క మాట చాలు. అడిగినవాడు రాజైనా అది ఇచ్చేది కాదు. అందుకే యెజెబెలు తోటను నేరుగా లాక్కోలేక అబద్ధసాక్షులతో విచారణ నడిపిస్తుంది. శాసనాన్ని కాదనలేని అధికారం శాసనం వేషం వేసుకొంటుందని ఈ కథ గుర్తించింది.

వాదానికి పరిమితులు

ఇంతమాత్రాన ఆధునిక రాజ్యాంగం బైబిలు నుండి పుట్టిందనడం అతిశయోక్తి. ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయం రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తరించుకోరాదని, ధర్మశాస్త్ర ప్రతిని రాసుకొని జీవితాంతం చదవాలని విధిస్తుంది. అది రాజుకు గట్టి హద్దే. కాని అదే గ్రంథం దాస్యాన్ని నియమాలతో అంగీకరిస్తుంది. నాయకుల ఎంపికలోనూ ఏకాభిప్రాయం లేదు. నిర్గమకాండం 18లో మామ యిత్రో సలహాపై మోషేయే అధికారులను ఎన్నుకొంటాడు. ద్వితీయోపదేశకాండం 1లో మాత్రం ఎంచుకొమ్మని జనాన్నే అడుగుతాడు. ఎన్నిక మూలాలను వెదికేవారు రెండవ కథనాన్ని ఉటంకించి మొదటిదాన్ని వదిలేయడం సరికాదు. పైగా మూలం ఒక్కటే కానవసరం లేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కర్ బౌద్ధ సంఘాలు సభానిర్వహణ నియమాలను పాటించాయని గుర్తుచేశారు.

మన ‘రాజ్యాంగం’ అనే మాట కూడా పరీక్షకు నిలవాలి. కౌటిల్యుడి సప్తాంగాలలో మొదటిది స్వామి, అంటే రాజు. ప్రజలు తమకు తాము ఇచ్చుకొన్న శాసనానికి రాజ్యపు అంగాలను తలపించే పేరు స్థిరపడింది. ఆ పేరులో పక్షాలు లేవు, పరస్పరత లేదు. హెబ్రోను ‘నిబంధన’లో సమ్మతి మసకబారినా, కనీసం ఇద్దరున్నారు, వారిలో ఒకరు రాజు.

ఈ భావనకు ఆచరణరూపం తెలుగునేలపై చర్చి పాలనలో కొంత కనిపిస్తుంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందే ఎడింబరో సభలో ఆయన మిషనరీలను కోరింది దాతృత్వం కాదు, సమానుల స్నేహం. ఆయన మరణానంతరం, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం లిఖిత నియమావళితో ఏర్పడింది. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి నేడు ఆ సంఘపు మెదక్ డయోసిస్‌లో ఉంది. 1983 నవంబరులో రెండవ ఎలిజబెత్ రాణి తన వివాహ వార్షికోత్సవం నాడు అక్కడ ఆరాధనకు వచ్చారు. అప్పట్లో ఇంగ్లండు చర్చికి ఆమె అత్యున్నత పాలకురాలు. తాను కూర్చున్న ఆ చర్చి మీద మాత్రం ఆమెకు ఏ అధికారమూ లేకపోయింది.